కాతరీనాను వెతకొద్దన్న గొంతు

మాది మెదక్ దగ్గరి క్రైస్తవ కుటుంబం. చనిపోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారు, మళ్లీ మనుషుల్లోకి రారు అని నాన్న చెప్పేవాడు. నేనూ అదే నమ్మాను. ఇప్పటికీ ఎవరైనా దెయ్యాల ముచ్చట మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. మిమ్మల్ని నమ్మించాలని ఇది రాయడం లేదు. జరిగింది ఇదీ అని చెప్పడమే.

రెండు వేల రెండులో హైదరాబాద్ అబిడ్స్‌లో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. చెప్పుల దుకాణం పైన రెండు గదులు. అమెరికావాళ్లకు వాళ్ల పూర్వీకులెవరో వెతికిపెట్టడం మా పని. పాత చర్చి పుస్తకాల ఫొటోలు సీడీల్లో వచ్చేవి. వాటిలోని పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, చావులు చూసి ఎవరు ఎవరి బిడ్డో తేల్చాలి. మా ఇల్లు పక్కనే నాంపల్లిలో కాబట్టి పొద్దున్నే వచ్చి తాళం తీసేది నేనే. మా యజమాని యాదగిరి సార్, మిగతావాళ్లు ఆ తర్వాత చాలాసేపటికి వచ్చేవాళ్లు.

పెన్సిల్వేనియా నుంచి మిసెస్ కెల్లర్ అనే పెద్దావిడ ఒక పని అప్పగించింది. అమెరికా ఇంకా ఇంగ్లండ్ రాజు కింద ఉన్న రోజుల్లో కాతరీనా అనే జర్మన్ ఆడమనిషి వాళ్ల వంశానికి మూలం. ఆమె మొగుడెవరో, పిల్లలెవరో తెలుసు. పుట్టిల్లే తెలియదు. అది కనుక్కోవాలి.

కొన్ని వారాలు వెతికాక, జర్మనీ నుంచి ఓడలో వచ్చిన ఒక కుటుంబం దొరికింది. తల్లిదండ్రులు, ముగ్గురు కొడుకులు, కాతరీనా అనే కూతురు. వయసు సరిపోయింది. ఓడ దిగిన తర్వాత ఆ ఇంటివాళ్ల రికార్డుల్లో కూతురి ఊసే లేదు. ఈమే ఆమె అని నాకు గట్టిగా అనిపించింది. నిరూపించడమే మిగిలింది.

అప్పటినుంచే నాకు ఒంట్లో తేడా మొదలైంది. గొంతు మంట. పొద్దున ఇంట్లో బాగానే ఉండేది, మధ్యాహ్నానికి మాట పెగిలేది కాదు. నాంపల్లిలో డాక్టరుకి చూపించుకుంటే, "టీచరా మీరు? బాగా అరిచిన గొంతు ఇది" అన్నాడు. నేను ఎవరి మీదా అరిచే మనిషిని కాదు. కానీ కోపం మాత్రం వచ్చేది. అన్నం తింటుంటే, బట్టలు ఆరేస్తుంటే, ఎవరి మీదో తెలియని కోపం. ఒకరోజు మా ఆయన మంచినీళ్లు అడిగితే గ్లాసు గోడకేసి కొట్టాను.

చెప్పుల దుకాణం వాచ్‌మన్ ఒకసారి మెట్ల దగ్గర ఆపాడు.

"ఏందమ్మా, పొద్దుపొద్దున్నే ఎవరితోని లడాయి? కిందిదాక ఇనొస్తుంది."

"నేనా? పైన నేనొక్కదాన్నే ఉంట గదా."

"గందుకే అడుగుతున్న."

పక్క బిల్డింగులో గొడవ విని పొరబడ్డాడనుకున్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మిసెస్ కెల్లర్ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఎప్పుడూ మర్యాదగా మాట్లాడే మనిషి, ఆ రోజు మండిపడుతోంది. యాదగిరి సార్ స్పీకర్ పెట్టారు. "ముసలిదాన్ని ఇలా ఏడిపిస్తారా? రోజూ రాత్రి ఫోన్ చేసి తిట్టిస్తారా?" అంది. వాళ్లకు రాత్రంటే మాకు పొద్దున. మాకు అర్థం కాలేదు. "అయితే వినండి" అని తన ఫోన్‌లో రికార్డయిన మాటలు వినిపించింది.

ఒక ఆడగొంతు. జర్మన్ అని తర్వాత తెలిసింది. ఊపిరి తీసుకోకుండా, పళ్లు కొరుకుతూ మాట్లాడుతోంది. దాని వెనక హారన్ల మోత. ఆ మోతలో సెవెన్ సీటర్ ఆటోవాడి కేక స్పష్టంగా వినిపించింది. "కోఠీ, కోఠీ, అఫ్జల్‌గంజ్!" మా కిటికీ కింద రోజూ వినే కేక అది.

ఆ గొంతు నాది.

యాదగిరి సార్ నా వైపు తిరిగారు. "గ్రేసమ్మా, నీకు జర్మన్ వస్తదా?"

"రాదు సార్."

"మరి గిదేంది?"

మా ఆఫీసు ఫోన్‌లో విదేశాలకు చేసే ఐఎస్‌డీ సౌకర్యమే లేదు, సార్ ఎప్పుడో తీయించేశారు. తర్వాత టెలిఫోన్ ఆఫీసులో అడిగితే, ఈ నంబరు నుంచి విదేశానికి ఒక్క కాల్ కూడా పోలేదన్నారు.

ఆ గొంతు మాట్లాడింది తన నానమ్మ ఇంట్లో మాట్లాడిన పాత జర్మన్ యాసేనట. ఆ సాయంత్రం ఫోన్‌లోనే మిసెస్ కెల్లర్ అర్థం చెప్పింది. "ఆ మనిషి కూతుర్నని నన్ను రాయకండి. ఓడ కిరాయి చాలలేదని నన్ను రేవులోనే పనిమనిషిగా అమ్ముకున్నాడు. కొడుకుల్ని వెంట తీసుకుపోయాడు. మళ్లీ రాలేదు. ఇంకా వెతికితే ఊరుకోను." చెబుతూ చెబుతూ మధ్యలో ఆవిడ కోపం ఆగిపోయింది. పని ఆపేయమంది.

మరునాడు యాదగిరి సార్ నన్ను కూర్చోబెట్టి, "నువ్వు చేసినవంటలేను. కానీ నాకు భయమైతుందమ్మా. రేపటి సంది రాకు" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేదు. కానీ మెట్లు దిగుతుంటే మాత్రం అవమానంతో ఒళ్లు మండిపోయింది. చేయని పనికి ఉద్యోగం పోయింది.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఫోన్ మోగుతోంది. మిసెస్ కెల్లర్. మా నంబరు సార్‌ని అడిగి తీసుకుందట. నా ఉద్యోగం పోయినందుకు క్షమాపణ చెబుతుందనుకున్నాను. ఆ మాటే ఎత్తలేదు. "ఒక్క నిమిషం ఏమీ అనకుండా వింటావా?" అని అడిగి, జర్మన్‌లో మొదలుపెట్టింది. నాతో కాదని తెలుస్తూనే ఉంది. మధ్యలో కాతరీనా పేరు వచ్చింది. ఏడుస్తోంది, బతిమాలుతోంది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. జాలిపడాల్సింది, పడలేదు. వినకూడదు, ఇంకొక్క మాట కూడా వినకూడదు అనిపించింది. చెయ్యి లేచి, పగిలిపోయేటంత బలంగా ఫోన్ పెట్టేసింది.

ఆవిడ మళ్లీ చేయలేదు. గొంతు నొప్పి కూడా మళ్లీ రాలేదు. ఇరవై ఏళ్లు దాటాయి. ఆ రోజు ఫోన్ పెట్టేసింది నేనేనా అంటే, ఔనని చెప్పలేకపోతున్నాను.