మార్కర్ తాత సాక్ష్యం

రాయపూర్ రైల్వే ఆఫీసర్ల క్లబ్బులో దొరలతో టెన్నిస్ ఆడటానికి జీతమిచ్చి పెట్టుకున్న ఆటగాణ్ణి మార్కర్ అనేవారు. మా చర్చి సంఘంలోని మార్కర్ తాత ఇరవై ఏళ్లు ఆ పని చేసి, మోకాళ్లు పాడయ్యాక మానేశాడు. పెద్ద దొర దయతలచి టెన్నిస్ కోర్టు వెనక గదిలో ఉండనిచ్చాడు. ప్రార్థనలో అందరూ మోకరిస్తే ఆయన గోడకు ఆనుకుని నిలబడి, కుడి మణికట్టును మెల్లగా తిప్పుతూ ఉండేవాడు.

దాచిన పాపం మనిషిని లోపలే తినేస్తుందని నా నమ్మకం. సంఘపెద్దగా, బుధవారం సాక్ష్యాల కూటంలో ఆయన్ని వదల్లేదు.

"నీకు ఒప్పుకోవలసిందేమీ లేదా, తాతా?"

చాలాసేపు మణికట్టు తిప్పాడు.

"ఉంది బాబూ. మన పెద్ద దొర బడాసాబ్‌తో ఎప్పుడాడినా కావాలనే ఓడిపోయాను. బంతిని నెట్‌లోకి కొట్టి, 'వాహ్ సాబ్' అనేవాణ్ణి. నిజంగా ఆడుంటే ఆయనకి ఒక్క గేమ్ కూడా దక్కేది కాదు."

"అయితే మా సాబ్ ఆటంతా నీ భిక్షేనా తాతా!" అన్నాడు వెనక బెంచీలోంచి దొర గుమాస్తా. అందరూ నవ్వారు. నేను హల్లెలూయ అన్నాను.

గుమాస్తా ఆ మాటను ఆఫీసుకి మోశాడు. శనివారానికల్లా గది ఖాళీ చేయించారు.

ఆదివారం ఆరాధన అయ్యాక తాత ట్రంకుపెట్టెతో మా గుమ్మంలోకి వచ్చాడు.

"సచ్ చెప్పమన్నావు, నిజమే చెప్పాను. ఇప్పుడెక్కడికి పోను బాబూ?"

మా వెనక గది ఖాళీగానే ఉంది. కానీ నేనూ ఆ దొర కిందే పనిచేస్తున్నాను. తాత తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించాను. "శాంతి సమాధానాలతో వెళ్లు" అని చెప్పి తలుపు వేశాను.