చల్లని గొట్టం, మొదటి తూటా

వేల్స్ కొండల్లోని ఆ ఫైరింగ్ రేంజికి సోమవారం ఉదయం ఏడుంబావుకి చేరాం. సన్నటి వాన. గాలి ఎడమ నుంచి. వీపున కిట్, చేతిలో పనిముట్ల పెట్టె. నేను అప్పట్లో బ్రిటిష్ సైన్యంలో ఆర్మరర్‌ని, అంటే తుపాకులు విప్పి, తుడిచి, బాగుచేసేవాణ్ణి. లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో మనవాళ్ల బర్త్‌డేలకు వెళ్తే పిల్లలు చుట్టూ చేరి, అంకుల్ ఆర్మీలో ఎంతమందిని కాల్చారని ఇంగ్లీషులో అడుగుతారు. ఒక్కర్నీ కాల్చలేదు నాయనా. పన్నెండేళ్లు తుడిచాను.

డ్యూటీ నాలుగు వారాలు. మూడు రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా వెళ్తుంది, తర్వాతి తూటా దానంతటదే సిద్ధమవుతుంది. మూడింట్లో దేని గురి నికరమో తేల్చాలి. పేర్లు కనబడకుండా టేపు చుట్టి ఏ, బీ, సీ అని రాశారు. బెంచి మీద ఇసుక సంచులు, వాటి మీద రైఫిల్, వంద మీటర్లలో కాగితం. ఐదు తూటాలు కాల్చాలి. బాగా ఎడంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరం కొలిచి పుస్తకంలో రాయాలి. గొట్టం చల్లారాక మళ్లీ ఐదు. వినేవాడికి ఆవలింత వస్తుంది. నాకూ మొదటి గంట వచ్చింది.

కాల్చేది ఒక్కడే. మనిషి మారితే పోలిక చెడుతుంది. నలభై నాలుగేళ్ల స్కాటిష్ సార్జెంట్, సర్వీసులో చివరి ఏడాది. ఈ పరీక్ష సజావుగా ముగిస్తే గురి నేర్పే స్కూల్లో ఉద్యోగం ఖాయమని చెప్పారు. లేకపోతే ఏం చేస్తారని అడిగాను. "నాకు ఇంకో పని రాదు, శ్రీ," అన్నాడు. శ్రీనివాస్ అనడం వాళ్లెవరికీ నోరు తిరగలేదు.

ఆయన ఒళ్లో ఒక అట్ట, దాని మీద లక్ష్యం బొమ్మ ఉండేది. ట్రిగ్గర్ నొక్కగానే పెన్సిల్‌తో అట్ట మీద చుక్క పెట్టేవాడు. అప్పుడు అవతల గుంతలో కూర్చున్న కెప్టెన్ రేడియోలో తూటా ఎక్కడ పడిందో చెప్పేవాడు. "రెండు గంటల వైపు, అర అంగుళం." అంటే గడియారంలో రెండంకె ఉండే దిక్కు. చుక్క చూస్తే అక్కడే ఉండేది. రెండోది, పదోది, నలభయ్యోదీ అంతే. మంత్రం కాదు, మాయ కాదు. మనిషి చూపు అంత దూరం పోతుందని నాకు అంతవరకు తెలియదు.

"చూడకుండా ఎలా తెలుస్తుంది, సార్జెంట్?"

"గురి ఎక్కడుందో చూస్తాను. తూటా వెళ్లే క్షణంలో అందరూ రెప్ప వేస్తారు. నేను వెయ్యను. అంతే."

అంతేనట. ఆ సాయంత్రం ఖాళీ రైఫిల్ పట్టుకుని యాభైసార్లు ప్రయత్నించాను. యాభైసార్లూ రెప్ప పడింది.

రెండో ఆదివారం సెలవు. మధ్యాహ్నం క్రోయిడన్‌లోని మా ఇంటి నుంచి మా ఆవిడ సుజాత ఫోన్ చేసింది. అక్కడ ఆస్పత్రిలో నర్సు.

"ఇయ్యాల దసరా, యాదికున్నదా?"

"ఉన్నది."

"మరి ఆయుధ పూజ చేసినవా? ఈడ ల్యాప్‌టాప్‌లకు బొట్లు పెడుతున్నరు. అసలు ఆయుధాలు నీ తాననే ఉన్నయి, నువ్వే ఊకుంటవా?"

మా నాన్న హన్మకొండలో లారీ మెకానిక్. దసరా నాడు స్పానర్లన్నిటికీ నూనె పట్టించి, వరసగా పేర్చి, బొట్లు పెట్టేవాడు. ఆ నూనె మమ్మల్ని తుడవనిచ్చేవాడు కాదు. "పనిముట్టు అలిగితె పని దొర్కది రా," అనేవాడు.

నాలుగింటికి స్టోరు తెరిచి మూడు రైఫిళ్లనూ బల్ల మీద పెట్టాను. మామూలుగా గొట్టంలో నూనె పలచగా రాస్తాం. ఆ రోజు నిండుగా పట్టించాను. పర్సులో పొట్లం కట్టి ఉన్న కుంకుమ తీసి ఒక్కో రైఫిల్ మడమ మీద, అంటే భుజానికి ఆనే చోట, చిన్న బొట్టు పెట్టాను. దండం పెట్టుకుని తాళం వేశాను. మనసు తృప్తిగా ఉంది.

సోమవారం ఉదయం ఆరు యాభై. ఆ వారం చల్లని గొట్టం పరీక్ష. సైనికుడికి తుపాకీ వేడెక్కేదాకా టైం దొరకదు కాబట్టి మొదటి తూటా కూడా లెక్కే. అందుకే పొద్దున్నే గొట్టంలో పొడి గుడ్డ తిప్పి నూనె తీసేయాలి, పుస్తకంలో టిక్ పెట్టాలి. లోపల నూనె ఉంటే మొదటి తూటా దారి తప్పుతుంది. ఈ సంగతి నేను నలుగురికి నేర్పినవాణ్ణి. బొట్లు తుడిచాను. గొట్టంలో నూనె తుడవడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఏమవుతుందిలే అనుకుని టిక్ పెట్టాను.

ఏ రైఫిల్, మొదటి తూటా. సార్జెంట్ చుక్క నట్టనడుమ పెట్టాడు. రేడియోలో కెప్టెన్: "ఒంటిగంట వైపు, రెండు అంగుళాలు."

"మళ్లీ చెప్పండి."

"ఒంటిగంట. రెండు అంగుళాలు."

బీ కూడా అంతే. సీ కూడా అంతే. కెప్టెన్ గుంతలోంచి లేచి వానలో, బురదలో నడిచి వచ్చాడు. మంచివాడే, కానీ మాట పదును.

"మూడు తుపాకులు ఒకే రోజు చెడవు, సార్జెంట్. కళ్లు చూపించుకుని ఎన్నాళ్లయింది? నేను వేరే షూటర్‌ని అడగాల్సి ఉంటుంది."

సార్జెంట్ నావైపు తిరిగాడు.

"శ్రీ, గొట్టాలు పొడిగానే ఉన్నాయా?"

"పొడిగానే ఉన్నాయి, సార్జెంట్."

నా నోటితో నేనే అన్నాను. ఆయన తలూపాడు. అటు తిరిగి, ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటికి ఎదురుగా తన అరచేయి చాచి పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే కదిపి చూసుకున్నాడు. దగ్గరికి, దూరానికి, మళ్లీ దగ్గరికి.

కెప్టెన్ రేడియో ఎత్తాడు.

"సార్, ఆగండి," అన్నాను. "తప్పు నాది."

సీ రైఫిల్ తీసుకుని పొడి గుడ్డ తిప్పాను. అంతకుముందు ఒక తూటా వెళ్లినా గుడ్డ మసితో పాటు నూనె జిడ్డుతో వచ్చింది. దసరా, మా నాన్న, స్పానర్లు, అన్నీ చెప్పాను. టిక్ అబద్ధమని చెప్పాను, ఇప్పుడు అన్న మాటా అబద్ధమేనని చెప్పాను. కెప్టెన్ పుస్తకంలో ఆ పేజీ కొట్టేశాడు. ఆ తప్పు నా సర్వీసు ఫైల్లో చేరింది. రావలసిన ప్రమోషన్ ఏడాది వెనక్కి పోయింది. న్యాయమే.

మర్నాడు అవే మూడు రైఫిళ్లు, పొడి గొట్టాలు. ఈసారి గుడ్డ సార్జెంట్ కళ్ల ముందే తిప్పాను. ఏ రైఫిల్, మొదటి తూటా. చుక్క పెట్టాడు. రేడియోలో: "నడుమ. ఎడమకి వెంట్రుకవాసి." చుక్క కూడా ఎడమకి వెంట్రుకవాసి ఉంది. సీ రైఫిల్ ఐదు రంధ్రాలనూ రెండు పెన్నీల బిళ్ల కప్పేసింది. చివరికి గెలిచింది అదే. కాగితం మడిచి నా చేతిలో పెడుతూ సార్జెంట్ అన్నాడు: "వచ్చే ఏడాది బొట్టు ఒక్కటే పెట్టు, శ్రీ."

నాలుగో వారం శుక్రవారం ఇంటికి వచ్చాను. సుజాత చాయ్ ఇచ్చి అంతా విన్నది.

"ఒప్పుకున్నవు కదా. ఇంకేంది?"

"ముందు అడిగినప్పుడు చెప్పలే."

ఆమె చాయ్ కప్పు అందుకుని లోపలికి వెళ్లింది.

సార్జెంట్‌కి ఆ ఉద్యోగం వచ్చింది. నేను సైన్యం వదిలి ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తున్నాను. దసరాకి స్పానర్లకు బొట్లు పెడతాను, నూనె పట్టించను. ఆ కాగితం బీరువాలో ఉంది. మా ఇంటికి వచ్చినవాళ్లకు తీసి చూపిస్తే, ఐదు రంధ్రాలూ ఒక్క బిళ్ల కిందేనా అని నోళ్లు తెరుస్తారు. నాకు మాత్రం అది తీసినప్పుడల్లా ఆ సోమవారం కనబడుతుంది. రెప్ప వేయని మనిషి నా మాట నమ్మి, వానలో అరచేయి చాచి, తన వేళ్లు తనకు కనబడుతున్నాయో లేదో చూసుకుంటున్నాడు.