ముత్తమ్మ ఎడమ చెంప

నేను తీసిన ఒక ఫోటో ఒకరిని ఏడిపించింది. దాన్ని సరిచేయడానికే ఈ ప్రయాణం. మిత్రులంతా డిజిటల్ కెమెరాలు కొంటుంటే, నేనింకా నలుపు తెలుపు రీళ్లు పట్టుకు వేలాడుతున్న రోజులవి. పాల్వంచ దాటాక అడవి అంచు పల్లెలో ముత్తమ్మ అనే పెద్దావిడను గుమ్మంలో నిలబెట్టి తీశాను. కుడి చెంప మీద ఎండ, ఎడమ సగం చిక్కటి చీకటి. ఇంత మంచి ఫోటో తీసింది నేనేనా అని మురిసిపోయి, ఒక ప్రింటు ఆమెకు పోస్టులో పంపాను. ఆమె దాన్ని గోదావరి అవతల మంచం పట్టిన అక్కకు పంపించుకుంది. తర్వాత ఆ ఊరి మాస్టారు కార్డు రాశారు: ‘ఫోటోతో చిక్కొచ్చింది, ఒకసారి రండి.’

ఖమ్మంలో ఉదయం ఐదున్నర బస్సు ఎక్కితే కొత్తగూడెం మీదుగా పాల్వంచ చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడి నుంచి ఆటోకు రానుపోను రెండు వందలు.

“ఒక్క ముసలమ్మ ఫోటో కోసం ఖమ్మం నుంచి వచ్చిన్రా సార్?” అని డ్రైవర్ దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

ముత్తమ్మ వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. నన్ను చూడగానే నిలదీసింది.

“నా సగం మొఖం ఏది బిడ్డా? ‘చెల్లె మొఖం కాలింది, నాకు చెప్పకుండ దాస్తున్రు’ అని అక్క ఒకటే ఏడుపు. సరిగ అన్నం తింటలేదు. ఎంత చెప్పి పంపినా నమ్మదాయె.”

“నువ్వే వెళ్లి కనబడొచ్చు కదమ్మా?”

“బస్సు దిగినంక గుట్ట ఎక్కాలె. ఈ మోకాళ్లతోని ఏడ ఎక్కుత?”

నాకు సిగ్గేసింది. మళ్లీ గుమ్మం వైపే చూపించబోతే ఆమె ఒప్పుకోలేదు.

“ఆడొద్దు. ఈ చూరు కింద కూసుంట, ఈడ వెలుగు అంతా ఒక్కతీరుగ ఉంటది. పూలు ఆరబెట్టేటోళ్లం, నీడ ఎటు పోతదో మాకు ఎరుకే.” ఎడమ చెంప నా వైపు తిప్పింది. దాని మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. “ఇవి అక్క పొడిచినయి. ఇవి కనవడాలె.”

నిజమే, వాకిలి ఎండ చూరు కిందికి మెత్తగా పరుచుకుంది. మూడు చుక్కలూ స్పష్టంగా కనిపించాయి. మర్నాడే ప్రింటు వేసి మాస్టారికి పోస్టు చేశాను.

పోటీలకు పంపితే ఆ ఫోటోను ఎవరూ పట్టించుకోరు. చీకటి సగం ఉన్న మొదటిదే ఇప్పటికీ నాకు అందంగా కనిపిస్తుంది, దాచడమెందుకు. కానీ దాన్ని ఎవరు చూస్తారో నేను అడగనే లేదు. అటు కెమెరాతో వెళ్లేవారికి నా సలహా ఒకటే: పదిలోపు పల్లెకు చేరండి, ఫోటో ఎవరి కోసమో అడిగాకే మీట నొక్కండి.

రెండు వారాలకు మాస్టారి కార్డు వచ్చింది: ‘ముత్తమ్మ వాళ్ల అక్క ఫోటోలో చెంప తడిమి చూసి, అన్నం పెట్టమన్నదట.’