దొరసాని నేర్పిన మాట

"ఆ రోజు బూడిద పళ్ళెం నువ్వే దాసీసినావేటి?" అని డయాలసిస్ మంచం మీంచి నా పెనిమిటి అడిగాడు. "నానెందుకు దాత్తాను?" అన్నాను. మా మధ్య అవే ఆఖరి మాటలు. ఆ సాయంత్రమే పోయాడు.

పలాస జీడి ఫ్యాక్టరీలో ఇద్దరం పనిచేసేవాళ్ళం. పని చూడ్డానికి ఫ్రాన్సు నుంచి ఒకావిడ వచ్చింది. పిక్క ఒలవడాన్ని వాళ్ళ భాషలో ఏమంటారో మా ఆయనకి నేర్పింది. దె-కోర్-తి-కే. నాలుగు ముక్కలుగా విరిచి, ముక్కకో వేలు చొప్పున ఆయన వేళ్ళు మడిచి పలికించింది. ముందున్న 'దె' అంటే తీసేయడమట, నడుమది పెంకట. 'ర'ని గొంతులో గీరమంటే ఆయన గీరేవాడు, ఆవిడ నవ్వేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"నాకు సంతకం నేర్పమంటే తీరిక లేదంతావు. ఆవిడ కాడ బళ్ళో పిల్లాడివైపోనావు" అన్నాను.

"నీకెందుకే అంత కుళ్ళు?" అన్నాడు.

మర్నాడు ఆవిడ తనూ ఒలుస్తానని నా పక్కన కూచుంది. జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది, అందుకని మేం చేతులకి బూడిద రాసుకుంటాం. ఆ పళ్ళెం నా చీర చాటుకి జరిపేశాను. ఆవిడ పిక్కలు ఒలుస్తూ, మధ్యలో ఆగి నా వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, ఆ మాట నాకూ నేర్పింది. సాయంత్రానికి ఆవిడ చేతులు బొబ్బలెక్కిపోయాయి.

ఆ మాట నాకిప్పటికీ వచ్చు. సంతకం రాదు. ఆయనకి చెప్పలేని నిజం మీకు చెప్పుకుంటున్నాను, నా మేనకోడలి చేత రాయించి.

లచ్చిమీ, దాసింది నేనేనని రాసేవా? ఏదీ, ఓపాలి సదివి ఇనిపించు.