సూరిబాబు ఎక్కడ డిస్చార్జి అయ్యాడు?

సూరిబాబు ఉద్యోగం పోలేదు! మేనేజరుగారి గదిలోంచి బయటికొస్తూనే నేను అరిచిన మాట ఇది. ఏం జరిగిందో తర్వాత చెప్పాను.

1978. విశాఖ పోర్టులో ఓడల సరుకు దింపే ఒక చిన్న కంపెనీలో గుమస్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. చేరి ఆరు నెలలు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ఏ సంగతైనా ఇంగ్లీషులో, అదీ ఒక్క మాటలో రాసెయ్యడం నాకు మహా సరదా.

మా పనిలో పొద్దస్తమానం వినిపించే మాట 'డిస్చార్జి'. ఓడలోంచి సరుకు దింపడమని అర్థం. సూరిబాబు వించ్ నడిపేవాడు. ఓడ మీద బరువులెత్తే యంత్రం అది. ఒకరోజు కాలి మీద బస్తాలు పడి ఆసుపత్రిలో చేరాడు. పన్నెండో తారీఖున ఇంటికి పంపించారని కబురొచ్చింది. హాజరు పుస్తకంలో అతని పేరుకెదురుగా 'డిస్చార్జ్‌డ్, 12' అని రాసి, పుస్తకం మూసేశాను.

కాలు మానాక డ్యూటీకొస్తే గేటు దగ్గర ఆపేశారు. కర్ర పట్టుకుని తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"బావా, నన్ను తీసీసినారంట. నానేటి సేసినాను?"

హెడ్‌క్లర్కుగారు పుస్తకం తెరిచారు. "ఇదిగో, డిస్చార్జ్‌డ్ అనుంది. డిస్చార్జ్‌డ్ అంటే పనిలోంచి తీసీసినట్టే కదా, మేనేజరుగారు పేరు కొట్టీసినారు. నీ వించికి రేపు వేరే మనిషొస్తన్నాడు."

"రాసినోడెవుడు?"

"నానే," అన్నాను.

"నన్నేటనుకున్నావు బావా? ఎరువు బస్తాననుకున్నావేటి, డిస్చార్జి సేసీడానికి?"

నవ్వుతూనే కర్ర నా బల్లకి ఆనించి, చొక్కా జేబు తడుముకున్నాడు.

ఆసుపత్రి చీటీ అందులోనే ఉంది. దాని మీదా అదే మాట, అదే తారీఖు. చీటీ, పుస్తకం రెండూ పట్టుకుని మేనేజరుగారి గదిలోకెళ్ళాను.

"తప్పు నాదండి. ఇతను డిస్చార్జి అయింది ఆసుపత్రి నుంచి."

ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. "బి.ఏ. చదివావు కదయ్యా! ఎక్కడి నుంచో రాయక్కర్లేదా?" అని, కొట్టేసిన పేరు కింద మళ్ళీ ఆ పేరే రాశారు. "రేపు డ్యూటీ ఎక్కమను."

నేను రాసిన మాటలో తప్పు లేదు. దాని పక్కనుండాల్సిన మాటను మింగేశాను. సరుకుకి, రోగికి, ఉద్యోగికి ఒకటే మాటైనప్పుడు ఎక్కడి నుంచో రాయకపోతే మనిషి పేరే ఎగిరిపోతుంది. రిటైరయ్యేదాకా 'ఆసుపత్రి నుంచి ఇంటికి' అని పూర్తిగానే రాశాను.

సూరిబాబు ఉద్యోగం పోలేదని ఎవరెవరికి ఫోను చేసి చెప్పాలో ఆ రోజు ఆఫీసు ఫోను పక్కన కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాను:

పెందుర్తి కిరాణా కొట్టు. సూరిబాబు భార్యని పిలిపించాలి.
సింహాచలంలో పూలమ్మే అతని బావమరిది. పక్క కొట్లో ఫోనుంది.
సీతమ్మధారలో నాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు. నా తప్పు కూడా చెప్పాలి.
ఆసుపత్రి నర్సమ్మగారు. ఆవిడతో 'డిస్చార్జి' అనకూడదు.