ఆర్పొద్దన్న దీపం

కరెంటు పనిల మొట్టమొదట నేర్పేది ఆర్పుడేనట. తీగ మీద చెయ్యి పెట్టే ముందు ఆర్పాలె. ఆర్పినంక ఇంకోపారి చూసుకోవాలె. అప్పుడు ముట్టాలె. మా ఆయన పట్నంల ఆ పని నేర్చుకోని ఇంటికొచ్చినంక నాకు చెప్పిన మాట ఇది. ఆ పని గురించి నాకు తెలిసింది గూడ గింతే. ఆయన పేరు నా నోట ఎన్నడు రాలేదు, ఇప్పుడు గూడ రాదు. నేను చెప్తుంటే మా ఆడబిడ్డ మనుమరాలు రాస్తున్నది.

మాది గద్వాల. చీరెలు నేసే ఇల్లు. మా అత్త, మా బావ, బావ పెండ్లాం అంటే నా యారాలు, మేమిద్దరం. మాకు పిల్లలు కాలేదు. మా ఆయనకు నేత చాతగాక కాదు. పోగు తెగితే వేళ్లకు బూడిద అద్దుకోని రెండు కొసలు మెలేసి అతికించేటోడు. అతికిన జాగ ఏడుందో మా బావకు గూడ దొరక్కపోయేది. కని దేశాల నడుమ లడాయి మొదలైనంక పట్టు దొరకకపాయె, మగ్గాలు ఊకె ఉండబట్టె. అప్పుడే ఈయనకు కరెంటు పని మీద మనసు పడ్డది. పట్నంల నేర్పే బడి ఉన్నదని ఎవరో చెప్పిన్రు. పోయి, చుట్టాలింట్ల ఉండి, నేర్చుకోని, పని వచ్చని ఉర్దూల రాసిన సనదు కాయితం తెచ్చుకున్నడు. మా ఇంట్ల అది సదివెటోళ్లు ఆయన తప్ప ఎవ్వరు లేరు. అందరం చేత పట్టుకోని చూసి మళ్ల ఆయనకే ఇచ్చినం.

మా బావ నవ్విండు. "ఏంరా, కాయితం తెచ్చినవ్, మరి దీపమేది?"

"కోటల కరెంటు తీసే ఇంజనున్నది గద అన్న. మిల్లుల ఇంజనున్నది. అడుగుత."

"అడుగు, అడుగు. నీకోసమే తలుపులు తెరుసుకోని కూసున్నరు."

మొదాలు కోటకు పోయిండు. ఇంజను చూసుకునే ఆయన సనదు చూసి, "తజుర్బా ఉన్నదా?" అన్నడట. అంటే ఏడన్న చేసిన అనుభవం ఉన్నదా అని. "నేర్చుకోని వచ్చిన సాబ్" అన్నడట ఈయన. "నేర్చుడు వేరే, చేసుడు వేరే. ఏడన్న చేసినంక రా" అన్నడట. పత్తి మిల్లుల గదే మాట. టేషన్ కాడ గదే మాట. ఎండల తిరిగొచ్చి గడపల కూసోని నన్ను అడిగేటోడు. "చేసినోనికే పని ఇస్తమంటరు. పని ఇయ్యకుంటే నేనేడ చేస్తనే?"

నేను నీళ్ల చెంబు అందిచ్చిన.

ఆయన తాన ఒక గుడ్డ మూట ఉండె. అండ్ల తీగ పట్టుకునే పక్కడు, మరలు తిప్పే పేచ్‌కసు, ఒక కరెంటు బుగ్గ అంటే బల్బు. తెల్లారి మూట ఇప్పేటోడు, నూనె గుడ్డతోని తుడిసేటోడు, మళ్ల కట్టేటోడు. పని చేయని సామానుకు తుప్పెట్ల పడ్తది, తుడుసుడెందుకు అని అడగాల్ననిపించేది. అడగలే. నా యారాలు మాత్రం ఊకునేది కాదు. "మరిదీ, మా ఎలుకల బోను పని చేస్తలేదు, నీ కరెంటు సదువుతోని జర చూడరాదూ?" అనేది. ఆయన కోపం చేయలే. కూసోని బోను ఇప్పి, తీగ సరిచేసి ఇచ్చిండు. ఆ దినం ఎలుక గూడ పడ్డది. యారాలు ఇంకింత నవ్వింది. మా ఆయన నవ్వలే.

గట్ల గట్ల నడుస్తుండంగ వనపర్తి నుంచి కబురొచ్చింది. ఆడ ఒక షావుకారు కొత్త ఇల్లు కట్టి, ఇంజను తెప్పిచ్చి ఇల్లంత బుగ్గలు పెట్టిస్తున్నడు. పని చేసేది ఒక ముసలి సాయిబు. మా ఆయన ఆయన కాళ్ల కాడ కూసుండి బతిలాడితే ఒప్పుకున్నడు. "జీతం లేదు బేటా. బువ్వ పెడ్తరు. పని అయినంక ఎవరడిగినా, ఈ పిలగాడు నా చేతి కింద చేసిండని నేను చెప్త." ఆ ఒక్క మాట కోసం మేమిద్దరం మూట కట్టుకోని పోయినం. ఆయన గోడల మీద తీగలు గుంజేటోడు. నేను గచ్చుకు సున్నం మోసిన. ఆ దినాలల్ల ఆయన మొకం చూస్తే నాకు కడుపు నిండేది. తీగకు తీగ అతికిస్తుంటే సాయిబు వొంగి చూసి, "నేసేటోని చెయ్యి" అనేటోడు.

గృహప్రవేశం నాడు పొద్దుగూకే యాళ్లకు దీపాలు పెట్టాలె. ఇల్లంత ఆడోళ్లు నిండిన్రు. షావుకారు తల్లి ముసలామె గోడకున్న మీటకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, మీద పువ్వు పెట్టింది. సాయిబు ఇంజను కాడ ఉండె. మా ఆయనను మీట నొక్కుమన్నరు. నొక్కిండు. బుగ్గ వెలిగింది. అందరు లచ్చిందేవికి మొక్కినట్టు రెండు చేతులు జోడిచ్చిన్రు. నేను సున్నం చేతులతోనే దండం పెట్టుకున్న.

ఇగ వెంటనే మా ఆయన టక్కున ఆర్పిండు.

బడిల గట్లనే నేర్పిన్రట. పెట్టి, ఆర్పి, అతుకుల మీద చెయ్యి పెట్టి వేడెక్కిందేమో చూసి, అప్పుడు మళ్ల పెట్టాలెనట. ఆయన అతుకు తడిమి చూస్తనే ఉన్నడు. ఇల్లంత చీకటి. ఆ చీకట్ల ముసలామె గొంతు వచ్చింది. "ఎవడ్రా వాడు? లచ్చిమి గడప తొక్కంగనే దీపం ఆర్పినోడు?"

"అమ్మా, చూసి మళ్ల పెడ్త..." అన్నడు ఈయన.

"పెట్టిన చేత్తోనే ఆర్పుతవా? మీ ఇంట్ల గిట్లనే చేస్తరా?"

చేయం. మా ఇంట్ల గూడ సంజె దీపం నోటితోని ఊదం, చేత్తోని ఆర్పం. నూనె అయిపోయి దానంతట అది కొండెక్కాలె. ఆయనకు తెల్వక కాదు. బుగ్గను దీపమనుకోలే ఆయన, పని అనుకున్నడు. సాయిబు ఉరికొచ్చి మీట నొక్కి, "పిలగాడమ్మా, మాఫ్ చేయుర్రి" అన్నడు. ఆ రాత్రి మాకు బువ్వ పెట్టిన్రు, మంచిగనే పెట్టిన్రు. తెల్లారి పొమ్మన్నరు.

గంతటితోని పోతే బాగుండు. నెల తిరగకముందే ఆ ఇంటి చిన్న కోడలుకు కడుపు పోయింది. ఎవరన్నరో ఏమో, దీపమార్పినందుకే అన్న మాట గద్వాల దాక చేరింది. దీపమార్పినోడు. గదే ఆయన పేరైంది. సాయిబు తానకు మళ్ల పోతే, "నేను చెప్తే నా పని గూడ పోతది బేటా" అన్నడట. ఎవరింటికన్న పోతే ఆడోళ్లు లోపల్నుంచే, "మా ఇంట్ల కరెంటు లేదు, పో" అనేటోళ్లు. మా అత్త సంజె దీపం పెట్టేటప్పుడు కొడుకును బయట కూసోమనేది. తల్లి గద, ఆమెకు గూడ భయమే. ఆయన లేసిపోయి అరుగు మీద కూసునేటోడు.

మళ్ల మగ్గం గుంటల దిగిండు. పోగులు అతికిస్తున్నడు గని చెయ్యి మునుపటి లెక్క లేదు. గుడ్డ మూట దూలం మీద పెట్టిండు. తుడుసుడు గూడ మానేసిండు. దాన్ని చూసి నేనే భయపడ్డ.

ఆ ఎండకాలం పెండ్లిళ్లకు లైట్లు పెట్టే గుత్తేదారు ఒకాయన గద్వాల వచ్చిండు. బండ్ల మీద ఇంజను తిప్పుకుంట ఊరూరు తిరుగుతడు. పని మనిషి పారిపోయిండట. మా ఆయన సంగతి విని పిలిచిండు. "దీపమార్పినోడివి నువ్వేనా?" అని నవ్విండు. "ఏం ఫికరు లేదు. ఈ పెండ్లిళ్ల కాలమంత నాతోని చెయ్యి. కర్నూల్ల కరెంటు ఆఫీసుల నాకు ఎరికున్న పెద్దాయన ఉన్నడు. నేనే తోలుకపోయి, తజుర్బా ఉన్నోడని చెప్త. కని ఒక్క మాట. పందిట్ల లైటు ఆర్పినవనుకో, నీ కథ ఖతం."

"ఆర్పను" అన్నడు మా ఆయన.

నాగర్‌కర్నూల్ల ఒక పెద్ద పటేలు బిడ్డ పెండ్లి. నన్ను గూడ తోలుకపోయిండు. వెనక పెరట్ల నాకు బియ్యం చెరిగే పని దొరికింది. పొద్దు గూకుతుండె. పెండ్లికొడుకు ఎదురుకోలుకని వాకిలంత నీళ్లు చల్లిన్రు. పందిట్ల చెప్పులేసుకోవద్దని మా ఆయన చెప్పులు బయట ఇడిసిండు. బుగ్గల దండ వాకిలి మీద వెలుగుతున్నది. డప్పులు దగ్గరికొస్తున్నయి. అప్పుడు దండల ఒక అతుకు కాడ చిటచిట నిప్పు రవ్వలు రాలబట్టినయి. పక్కనే తాటాకు పందిరి.

పెండ్లికొడుకును చూద్దామని నేను అప్పుడే చాట కింద పెట్టి వాకిట్లకొచ్చిన. మా ఆయన బల్ల ఎక్కిండు. మీట పక్క గుంజకే ఉన్నది, చెయ్యి సాపితే అందుతది. చెయ్యి సాపిండు.

"ఏయ్! ఆర్పకు! పెండ్లికొడుకు గడపల ఉన్నడు!" అని గుత్తేదారు ఒర్లిండు. ఆడోళ్లు మంగళారతి పట్టుకోని అందరు ఈయన దిక్కే చూసిన్రు.

ఆయన చెయ్యి ఆగింది. నేను చూసిన. మీట దాక పోయిన చెయ్యి ఎనకకు తీసుకున్నడు. ఒక్కపారి కింద ఆ జనం దిక్కు చూసి, తెగిన పోగు అతికించినట్టే రెండు వేళ్లతోని తీగ కొసలు పట్టుకున్నడు.

చెయ్యి దానికే అంటుకపోయింది. తడి కాళ్లు, బల్ల గూడ తడే. నోట్లకెళ్లి మాట రాలే. "ఆర్పుర్రి" అని నేను మొత్తుకున్న. డప్పులల్ల ఎవరికి ఇనపడలేదో, ఇని గూడ ఆర్పలేదో నాకు తెల్వదు. బల్ల ఒరిగి ఆయన కింద పడ్డంక గుత్తేదారు ఉరికొచ్చి మీట ఒత్తిండు. పందిరంత చీకటైంది.

ఒక్కరు గూడ ఏమనలే. లచ్చిమి పోయిందనలే. ఎవడ్రా ఆర్పినోడు అనలే.

ఆయనను పెరటి దొడ్డి కాడికి మోసిన్రు. పెండ్లి పసుపు ఇంటికి అపశకునమని నన్ను గూడ ఆ దిక్కే నడిపిచ్చిన్రు. జర సేపటికి ముందట వాకిట్ల మళ్ల లైట్లు వెలిగినయి. డప్పులు మోగినయి. పెండ్లి ఆగలే. ఆ ఎలుగే గోడ మీదికెళ్లి వచ్చి ఆయన మొకం మీద పడ్డది.

ఆయన దినాల నాడు గుత్తేదారు గద్వాల వచ్చిండు. అరుగు మీద కూసోని, "మంచి పనోడు. నాలుగు పెండ్లిళ్లు చేస్తే కర్నూలు పంపుదును" అన్నడు. మా అత్త ఏడ్సింది. నేను లోపలికి పోయి మగ్గానికి పోగుల కండెలు చుట్టిన. అప్పటికెళ్లి అదే పని. ఆ గుడ్డ మూట మా బావ ఎవరికో ఇచ్చేసిండు, నన్ను అడగలే.

ఇప్పుడు మా గల్లీల గూడ కరెంటున్నది. సంజెకు యారాలి కోడండ్లు మీట నొక్కి దండం పెడ్తరు. బువ్వ తిన్నంక పోరగాండ్లు టక్కున ఆర్పుకోని పండుకుంటరు. ఎవ్వరు ఏమనరు. ఆ టక్కుమన్న సప్పుడుకు నాకు మెలకువ వస్తది, మళ్ల నిద్ర రాదు.