పెన్సిలు కింద ముఖం

పిల్లలూ, మొన్న మీరిద్దరూ పంపిన ఫోటో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. బాగుంది. కానీ పెద్దదాని నుదుటి మీద ఆటలమ్మ పోసినప్పుడు పడ్డ చిన్న గుంట ఉండాలి. అది కనపడలేదు. అడిగితే "ఫోనే తీసేస్తుంది అమ్మమ్మా, మేమేం చెయ్యలేదు" అన్నారు. మీరు పూణేలో ఉంటే నాకు మిమ్మల్ని తడిమి చూసుకునే దారి ఆ ఫోటోలే. అందుకే ఆ గుంట కోసం ఫోన్ అద్దం మీద వేలు పెట్టి వెతికాను. అప్పుడే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

మీ ఫోన్ చేసే ఆ పని ఒకప్పుడు నేను చేసేదాన్ని. రాజమండ్రిలో మీ తాతగారికి ఫోటో స్టూడియో ఉండేదని మీకు తెలుసు. ఆయన ఫోటో తీసి, చీకటి గదిలో కడిగి, ఆరిన నెగెటివ్ నా చేతికిచ్చేవారు. వాలుగా ఉన్న అద్దం బల్ల మీద దాన్ని పెట్టి, కింద నుంచి వెలుగు పడుతుంటే, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కలు పెట్టేదాన్ని. టచింగ్ అనేవాళ్ళం. నెగెటివ్‌లో నల్లగా ఉన్నది ఫోటోలో తెల్లగా వస్తుంది. కాబట్టి మచ్చ ఉన్నచోట పెన్సిలు నింపితే ఫోటోలో అక్కడ నున్నటి చర్మం వస్తుంది. పెళ్ళిచూపులకు పంపే ఫోటో అయితే టచింగ్ లేకుండా ఎవరూ తీసుకెళ్ళేవారు కాదు. పుట్టుమచ్చలు, అమ్మవారి మచ్చలు, కాలిన గుర్తులు అన్నీ నా పెన్సిలు కిందికి వెళ్ళిపోయేవి. మీ తాతగారు నా భుజం మీంచి తొంగిచూసి "కాస్త ముఖం మిగల్చవోయ్, రేపు పెళ్ళికొడుకు గుర్తుపట్టద్దా" అనేవారు. ఆ మాట మళ్ళీ వినడానికి నేనేమైనా ఇచ్చేస్తాను. ఆయన పోయాక స్టూడియో మూసేశాం. నెగెటివ్ డబ్బాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అవి నా గదిలోనే ఉన్నాయి.

పక్కింటి టీచరుగారు మీకు గుర్తుంది కదా, లెక్కలు చెప్పి రిటైరయిన ఆవిడ. ఆవిడా, పోలీసుల్లో హెడ్డుగా చేసి దిగిపోయిన వీధి చివరాయనా కలిసి ఒక పని మొదలుపెట్టారు. ఎవరో చంపేసి కాలవల్లోనో తుప్పల్లోనో పడేసిన మనుషులు, పేరు తెలియక అలాగే ఉండిపోయిన వాళ్ళు, చాలామంది ఉన్నారు. శవం దొరికినప్పుడు పోలీసులు వాళ్ళ ముఖాల ఫోటోలు పేపర్లో వేస్తారు. ఎవరూ రాకపోతే ఆ కాగితం మూలన పడుతుంది. వీళ్ళిద్దరూ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, తప్పిపోయిన వాళ్ళున్న ఇళ్ళ నుంచి పాత ఫోటోలు తెప్పించి, ఆ ముఖాలతో పోల్చి చూస్తారు. పెళ్ళి ఆల్బములు, స్కూలు గ్రూపు ఫోటోలు, ఏవైనా సరే. నాకు పొద్దు పోదు కాబట్టి నన్నూ కూర్చోబెట్టుకున్నారు.

టీచరుగారు భూతద్దం పట్టుకుని చెవులు చూసేవారు. మనిషి చిక్కినా లావెక్కినా చెవి ఆకారం అంతగా మారదని ఆవిడ నమ్మకం.

"పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దేస్తున్నారండి టీచరుగారూ, ఆ చెవికి ఎన్ని మార్కులేంటి?" అనేవారు హెడ్డుగారు.

"మీరు సర్వీసులో ఉన్నప్పుడు ఈ పాటి దిద్దుంటే మాకీ వయసులో ఈ పని పడేది కాదండి."

"అదిగో, తిరిగి తిరిగి నా మీదకే వస్తారు" అని ఆయన టీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు.

అలా చూస్తున్న వాళ్ళలో ఒక అమ్మాయి ఉండేది. చాలా ఏళ్ళ క్రితం మన వైపు ఒక కాలవ లాకుల దగ్గర, తలుపులకు అడ్డం పడి తేలింది. మెడ నులిమిన గుర్తులున్నాయి కాబట్టి హత్య అని రాశారు. రెండు వైపులా ముక్కుపుడకలు. గెడ్డం కింద అడ్డంగా వంకర గాటు, పాతది. పాతికేళ్ళ పిల్ల. ఇంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

గ్రూపులో పెట్టిన ఆ పిల్ల పేపరు ఫోటో చూసి సముద్రం ఒడ్డు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చేపలమ్మి బతికిన మనిషి. చెల్లెలి కూతురు ఫోన్‌లో చూసి, ముక్కుపుడకలు ఇంట్లో ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయని పట్టుబట్టి తీసుకొచ్చింది. ఈ చెల్లెలి కూతురు పుట్టేసరికే పెద్దావిడ కూతురు ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.

"మస్కట్ ఎల్లిందండి, ఇళ్ళల్లో పనికి" అంది పెద్దావిడ కుర్చీ అంచున కూర్చుని. "పెళ్ళి కుదర్లేదు. ఎవడో పంపిస్తానన్నాడు, ఎల్లిపోయింది. ఆళ్ళు ఉత్తరాలు రాయనివ్వరంటండి అక్కడ."

మస్కట్ నుంచి ఎవరు సెలవుకొచ్చినా ఈవిడ ఫోటో పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేదట. పెట్టెలు విప్పకముందే గుమ్మంలో నిలబడి "ఈ పిల్ల అక్కడెక్కడైనా కనపడిందాండి?" అని అడిగేదట. ఆ ఫోటోనే ఇప్పుడు పాల కవరులో చుట్టి తెచ్చింది.

టీచరుగారు చెవులు చూశారు. కలిశాయి. ముక్కు కలిసింది. గెడ్డం దగ్గర ఆగిపోయారు.

"మీ అమ్మాయికి ఇక్కడ గాటుండేదా అమ్మా?"

పెద్దావిడ ఫోటోను టీచరుగారి వైపు జరిపింది. "ఫోటో ఉంది కదండి, చూడండి" అంది.

ఫోటోలో గెడ్డం నున్నగా ఉంది. టీచరుగారు భూతద్దం దించేసి "అయితే ఈ అమ్మాయి కాదండి" అన్నారు. పెద్దావిడ ఒక్కసారిగా ఊపిరి వదిలింది. "నేను చెప్పలేదేంటే? అది మస్కట్లోనే ఉంది" అని చెల్లెలి కూతురి వీపు మీద ఒకటి చరిచింది. టీ ఇంకో గ్లాసు అడిగి తాగింది. మళ్ళీ వచ్చేటప్పుడు ఎండుచేపలు తెస్తానంది. ఆవిడ సంతోషం చూసి నాకూ సంతోషం వేసింది.

టీచరుగారు ఆ ఫోటో ముందూ వెనకా తీసి గ్రూపులో పెట్టారు. మర్నాడు భోజనం అయ్యాక మంచం మీద పడుకుని చూస్తున్నాను. వెనక వైపు మన స్టూడియో ముద్ర ఉంది. దాని కింద మీ తాతగారి చేతితో వేసిన నెంబరు. ఆయన ఏడు అంకె మధ్యలో చిన్న గీత పెట్టేవారు. ఆ గీత చూసి లేచి కూర్చున్నాను. ముందు వైపు తిప్పి గెడ్డం పెద్దది చేశాను. ఆ అమ్మాయి నాకు గుర్తు లేదు. కానీ ఆ నునుపు ఎవరిదో తెలిసింది. చర్మం అలా ఉండదు. నా పెన్సిలు చుక్కలు అలా ఉంటాయి.

నెంబరు పట్టి డబ్బాలో వెతికాను. నెగెటివ్ దొరికింది. దూదికి టర్పెంటైన్ అద్ది, గెడ్డం దగ్గర మెల్లగా తుడిచాను. పెన్సిలు నల్లగా దూదికి అంటుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పట్టుకున్నాను. వంకర గాటు, అడ్డంగా.

టీచరుగారు దాన్ని పేపరు ఫోటో పక్కన పెట్టి రెండుసార్లు పోల్చారు. హెడ్డుగారు అన్నారు, "నేనెళ్ళి చెప్తానండి. ఇలాంటివి చెప్పడం నాకలవాటే."

"మీరొద్దండి, పోలీసాయన గుమ్మంలోకొస్తే ఆవిడకి చూడకుండానే తెలిసిపోద్ది" అన్నాను. కలర్ ల్యాబులో ఆ నెగెటివ్ నుంచి కొత్త ఫోటో వేయించి టీచరుగారూ నేనూ బస్సెక్కాం. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. ఆవిడ అన్నేళ్ళుగా పెట్టుకున్న ఆశను ఒక దూది ముక్కతో తుడిచెయ్యడానికి వెళ్తున్నాను. వెళ్ళకపోతే ఆవిడకు మస్కట్ మిగులుతుంది. ఆ పిల్లకు మాత్రం పేరుండదు. వెనక్కి వెళ్ళిపోదామని టీచరుగారితో అనబోయి ఊరుకున్నాను.

ఆవిడ ఇంటి ముందు వల పరిచి ఉంది. మమ్మల్ని చూసి చాప వేసింది, మంచినీళ్ళిచ్చింది, ఎండుచేపలు ఇంకా ఆరలేదని చెప్పింది. ఆవిడ కూతురి ఫోటో తీసిన స్టూడియో మాదేనని చెప్పి, కొత్త ఫోటో చేతిలో పెట్టాను.

ఆవిడ చూసింది. బొటనవేలు తీసుకెళ్ళి ఆ గాటు మీద ఉంచింది.

"తెలుసండి" అంది. "ఆ పేపరు బొమ్మ చూసినప్పుడే తెలుసు."

టీచరుగారు "మరి మొన్న..." అని ఆగిపోయారు.

"గెడ్డం కింద గీత తీసెయ్యమని ఆ రోజు నేనే చెప్పేనండి మీ కొట్లో. పెళ్ళోళ్ళు వంక పెడతారని. చిన్నప్పుడు పడవ చెక్క మీద పడింది. అది నవ్వితే ఆ గాటు కూడా సాగేదండి, రెండో నోరులాగ." ఆవిడ ఫోటో మీంచి వేలు తీయలేదు. "అన్నేళ్ళూ ఆ నున్నటి బొమ్మ చూసి చూసి, నా పిల్ల నవ్వితే ఎలాగుండేదో మర్చిపోయేనండి. ఇదిగో, ఇది నా పిల్ల."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడే అడిగింది:

"ఎక్కడెట్టేరండి దాన్ని?"

తర్వాత జరిగినవి హెడ్డుగారు చూసుకున్నారు. స్టేషన్లో ఆవిడ చేత చెప్పించి రాయించారు. రక్తం తీసి, అప్పట్లో శవం నుంచి తీసి దాచిన ఎముకతో పోల్చే పరీక్షకు పంపారు. ఆ పాత కాగితంలో పేరు ఉండాల్సిన చోట పేరు ఎక్కింది. ఎవరు చేశారన్నది ఇంకా తేలలేదు. తేలుస్తామంటున్నారు.

పరీక్షలో కలిసిందని తెలిశాక ఆవిడ నన్ను కూడా రమ్మంది. దిక్కులేని వాళ్ళను పూడ్చే చోటు కాలవ గట్టు పక్కనే ఉంది, ఆవిడ ఊరి నుంచి ఒక్క బస్సు దూరం. గుర్తుగా ఏమీ లేదు. గడ్డి పెరిగి ఉంది, గేదెలు మేస్తున్నాయి. కాటికాపరి పాత మనిషి కాదు. "ఇటేపు ఉండొచ్చమ్మా" అని చెయ్యి తిప్పి చూపించాడు. అంత వెడల్పున ఎక్కడని?

"తల ఎటెడతారు బాబూ?" అని అడిగింది ఆవిడ.

"దక్షిణానికమ్మా. అందరికీ అటే."

ఆవిడ దక్షిణం ఎటో చూసుకుంది. ఆ గడ్డిలో ఒకచోట నిలబడి, మళ్ళీ నాలుగడుగులు జరిగి, ఇక్కడే అని తనే అనుకుని కూర్చుంది. అరచేతిని నేల మీద ఆనించింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆలస్యంగా ఇల్లు చేరిన పిల్లను గుమ్మంలో ఆపి అడిగే గొంతుతో, మెల్లగా, నేల వైపు వంగి అడిగింది:

"మస్కట్ అని చెప్పి ఇక్కడిదాకే వొచ్చేవేంటే?"